బ్రేకు మీద బొట్టు

నాకు కాళ్లు ఊకుండవు. చిన్నప్పటి సంది గంతే. గద్వాలల గుంట మగ్గం మీద కూసొని పొద్దుమూకిందాక తొక్కుతనే ఉంటవు గదరా, ఇంకా ఏం తొక్కుడు అని అందరు అడుగుతరు. మగ్గం కాడ ఎంత తొక్కినా ఉన్నకాడ్నే ఉంట. చీర జరుగుతది గని నేను జరగ. అంచు పోగులు కలుపుకుంట, కిటికీలకెళ్లి బైటి తొవ్వ చూసుకుంట కూసుంటే పిక్కలు గుంజి ఒకటే యాష్ట.

అందుకే అమాస ఎప్పుడొస్తదా అని చూస్త. అమాస నాడు మా దిక్కు మగ్గాలు బంద్. ఇంట్లోళ్లు తలకు పోసుకొని, గుడికి పోయొచ్చి, కడుపునిండ తిని పండుకుంటరు. నేను తెల్లారంగనే గేర్ల సైకిల్ బైటికి తీసి ధరూర్ దిక్కో గట్టు ఊరి దిక్కో పడిపోత. లావు టైర్లు, ముంగట స్ప్రింగుల ఫోర్కు ఉన్న మౌంటెన్ సైకిల్ అది. ఇంకొకరు వాడి ఇడిసిపెట్టిందాన్ని తెచ్చుకున్న. ధరూర్ దిక్కు వాన పడ్డదంటే నల్లమట్టి టైరుకు పట్టి చక్రం తిరగనియ్యది. సైకిల్ మనల్ని మొయ్యాల్సింది పోయి మనమే దాన్ని మొయ్యాలె. గట్టు దిక్కు పోతే రాళ్లు, తుమ్మ ముండ్లు. ముండ్లు ఏరుకునుడు, పంక్చర్ ఏసుకునుడు, గేరు వైరు బిగిచ్చుకునుడు అన్నీ నేనే నేర్చుకున్న. నేర్చుకోక ఏం జేస్త, ఆ చేన్ల నడుమ మెకానిక్ యాడ దొరుకుతడు?

చైన్ కాడ మాత్రం మొదట్ల మస్తు మోసపోయిన. మా ఇంట్ల ఏది కిర్రుమన్నా పల్లీ నూనె బట్ట అందుకుంటం. మగ్గంల ప్రతి కట్టెకు, ప్రతి ఇనుప ముక్కకు గదే మందు. సైకిల్‌కు గూడ గట్లనే పోసిన. గట్టు పోయొచ్చేవరకు దుమ్మంత పట్టి చైన్ బెల్లం పాకం లెక్క అయింది. ఉత్త బట్టతోని తుడిచి, సైకిల్ దుకాణంల దొరికే పల్చటి నూనె ఒక్కో చుక్క ఏసి, మల్ల తుడవాలె అని చానా రోజులకు సమజైంది.

ఈ పిచ్చిల నాకు తోడు మా బావ. అక్క మొగుడు. ఉండేది వనపర్తిల. నాగర్‌కర్నూల్ మీదికెళ్లి నల్లమల ఘాట్లల్ల ఏండ్లకేండ్లు బస్సు నడిపిండు. సర్వీసు మొత్తంల ఒక్క మేకపిల్లకు గూడ తాకియ్యలే అని ఎవరు దొరికినా చెప్పేటోడు. "బావా, ఆ మేకపిల్ల పెద్దగై, ముసల్దై, సచ్చి గూడ పోయింది. ఇగ ఆపు" అని నేను ఎక్కిరిస్తుంటి. "నువ్వు ఊకో బామ్మర్ది, కూసున్నకాడ తొక్కేటోనికి తొవ్వ గురించి ఏం ఎరుక?" అనేటోడు. నన్ను చూసి తనూ ఒక మామూలు గేర్ల సైకిల్ కొన్నడు. కొన్ని అమాసలకు నేను నా సైకిల్ చక్రం విప్పి బస్సుల ఏసుకొని వనపర్తి పోయేది. ఇద్దరం చుట్టుపక్కల గుట్టలన్ని తిరిగి, కొత్తకోట హైవే మీద లారీలోళ్ల నడుమ కూసొని చాయ తాగేది.

తర్వాత బావకు గుండెనొప్పి వచ్చింది. హైదరాబాద్ దవాఖానల స్టెంట్ ఏసిన్రు. బతికి బైటపడ్డడు గని, ఇంటికొచ్చిన మనిషి మా బావ కాదు. స్టీరింగు పట్టొద్దన్నరని ఉద్యోగం ఇడిసిపెట్టిండు. పొద్దుగాల లేసి కుర్చీల కూసుంటే పొద్దుమూకిందాక అండ్లనే. టీవీ నడుస్తుంటది, చూడడు. అన్నం పెట్టాల్నా అంటే పెట్టు, సాలా అంటే సాలు. నేను పోతే ఎప్పుడొచ్చినవని గూడ అడుగడు. "నా బండి షెడ్డుకు పోయింది బామ్మర్ది. ఇగ రేపో మాపో" అన్నడు ఒకనాడు. నాకు కోపం పొంగుకొచ్చింది. ఆ కుర్చీ ఎత్తి రోడ్డు మీదికి ఇసిరెయ్యాలనిపించింది. వంటింట్లకు పోతే అక్క కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తుంది. అక్కడ నిలబడలేక, ఇక్కడ కూసోలేక, వాకిట్ల అటూ ఇటూ తిరిగి గద్వాల బస్సెక్కిన.

డాక్టరు సైకిల్ వద్దనలే. మెల్లగ తొక్కొచ్చు, రొప్పు మాత్రం రావొద్దన్నడు. గుట్ట ఎక్కుకుంట రొప్పొద్దంటే ఎట్ల? ఫోన్ల చూడంగ చూడంగ కరెంటు మౌంటెన్ సైకిల్ కనవడ్డది. తొక్కితేనే మోటర్ సాయం చేస్తది. ఎక్కేకాడ మన కాలు కొంత, అది కొంత గుంజుతది. నేను బావను బలమంతంగ హైదరాబాద్ తోల్కపోయిన.

దుకాణపాయన బ్యాటరీ గొప్పలు చెప్పుకుంట పోతుండు. బావ ఒక్క ముక్క ఇంటలేడు. వంగి, చక్రం నడుమ మెరుస్తున్న ఇనుప పళ్లెం దిక్కు చూస్తుండు. "దీన్ని పట్టేది ఏంది?" అన్నడు. కుర్చీల కూసున్నప్పటి సంది బావ నోట్లకెళ్లి వచ్చిన మొదటి ప్రశ్న అది. నాకైతే అప్పుడే సైకిల్ కొనేసినట్టు అనిపించింది. దుకాణపాయన చూపిచ్చిండు. దాన్ని డిస్కు అంటరు, రెండు దిక్కులకెళ్లి చిన్న ప్యాడ్లు దాన్ని ఒత్తి పడితే చక్రం ఆగుతది. నా సైకిల్‌కు రబ్బరు ముక్కలు రిమ్మును పడ్తయి, ఇది ఏరే తీరు. "బండి బరువుంది, నేనూ బరువున్న. ఎక్కుడు మోటర్ చూసుకుంటది, దిగేటప్పుడు కాపాడేది ఇదే గద" అని, పెద్ద డిస్కులున్న సైకిల్‌ను ఏలు పెట్టి చూపిచ్చిండు. సీటు మీద కూసుంటే కాలు కింద ఆనుతదా, బ్యాటరీ ఊడదీసి ఇంట్ల చార్జింగ్ పెట్టొచ్చా, గవన్ని నేను చూసుకున్న.

అక్క ఒప్పుకోలే. ఇల్లు పీకి పందిరేసింది. "గుండె మనిషిని గుట్టలెక్కిస్తవారా, నీకేమన్న సోయి ఉన్నదా?" అని నా మీదికి ఎగిరింది. ఆఖరికి బావ దిక్కు తిరిగి ఒక్క షరతు పెట్టింది. "ఒక్కపారి కింద పడ్డవంటే సైకిల్ ఈ ఇంట్ల ఉండది. మల్ల నన్ను బతిమిలాడొద్దు." బావ తల ఊపిండు, సైకిల్ ఇంటికొచ్చింది.

మొదటి గుట్ట ఎక్కినంక బావ నవ్విండు. నేను ఎనకాల నా ఉత్త సైకిల్ మీద నాలుక బైటికేసుకొని వస్తున్న. తను పైన నిలబడి, "ఏం బామ్మర్ది, స్టెంట్ నీకు ఏపియ్యాల్నా?" అన్నడు. నాకు నవ్వాగలే, ఏడుపూ ఆగలే. ఆ రోజు సంది బావ మనిషిల పడ్డడు. నేను రాకున్నా ఒక్కడే పోతుండె. పోయొచ్చి చైన్ తుడిచి, టైర్లల్ల గాలి ఒత్తి చూసి, అక్కతోని పంచాయితి పెట్టుకుంటుండె. దిగేటప్పుడు మాత్రం బస్సు నిండ జనం ఉన్నట్టు బ్రేకు ఒత్తుకుంటనే దిగేటోడు. ఎనక జోర్గ దిగనీకి నాకు చేతులు దురదపెట్టేది.

పోయిన దసరకు నేను ఇంటి కాడ మగ్గం పూజ చేసుకొని, మాపటికి వనపర్తి చేరిన. వాకిట్ల సైకిల్ పెండ్లికొడుకు లెక్క ఉన్నది. హాండిల్‌కు బంతిపూల దండ, బ్యాటరీ మీద పసుపు, కుంకుమ, చక్రం కింద నలిగిన నిమ్మకాయ. "పూజ నేనే చేసిన తమ్మీ, మీ బావను ముట్టనియ్యలే. మనిషిని లేపి నిలబెట్టింది ఇది" అన్నది అక్క. వద్దని ఎగిరిన మనిషే గిట్లంటుంది. జమ్మి ఆకు అక్క చేతుల పెట్టి కాళ్లు మొక్కిన, బావను అలుముకొని అలాయిబలాయి ఇచ్చిన.

తెల్లారి నేనే బావను తొందరపెట్టిన. చాయ తాగి, దండ తీసి పక్కకు పెట్టి బయల్దేరినం. ఎక్కేటప్పుడు బ్రేకుతోని పనే పడలే. గుట్ట మీద జరసేపు గాలికి నిలబడి దిగుడు షురూ చేసినం. బావ ముంగట ఎప్పటి తీరుగనే మెల్లగ, నేను ఎనక. వాలు జర ఎక్కువైన కాడ సైకిల్ ఒక్కసారి కీసుమన్నది. బావ రెండు పిడికిళ్లు బిగబట్టి బ్రేకులు ఒత్తుతుండు, సైకిల్ ఆగుతలే. జోరు పెరుగుతుంది. ముంగట మలుపు, మలుపు అవతల రాళ్ల గుండం. "బావా! బావా!" అని ఒర్లుడు తప్ప నాతోని ఏమైతది? ఘాట్లల్ల తిరిగిన చెయ్యి గద, బావ హాండిల్ తిప్పి పక్కన దున్నిన చేన్లకు కొట్టిండు. దుక్కిల ముంగటి చక్రం దిగవడి, మనిషి బొక్కబోర్ల పడ్డడు.

సైకిల్ ఇసిరేసి ఉరికిన. మోకాళ్లు, మోచేతులు చెక్కుకపోయి నెత్తురు కారుతుంది. బావ మట్టిల లేసి కూసొని, ఛాతి మీద చెయ్యి పెట్టుకొని జరసేపు చూసుకున్నడు. "ఇది నడుస్తుంది. బ్రేకే పట్టలే" అన్నడు.

ఇద్దరం చక్రం కాడ కూసున్నం. డిస్కు మీద ఏలు పెట్టి గీస్తే ఎర్రటి జిడ్డు. ముక్కు కాడ పెట్టుకున్న. పల్లీ నూనె. నాకు మొత్తం సమజైంది. అక్క నేతోళ్ల ఇంట్ల పుట్టిన బిడ్డ. దసరకు మగ్గం పూజ అంటే మా ఇంట్ల ముందు నూనె బట్టతోని ప్రతి ముక్కను మెరిసెదాక తుడిచి, ఆ తడి మీద బొట్టు పెడ్తం. నూనె లేకుంటే ఇనుము మీద కుంకుమ నిలవది. సైకిల్‌కూ గదే చేసింది. అన్నిట్ల కన్న మెరిసేది డిస్కే గద, దాన్నే బాగ తుడిచి చుట్టూ బొట్లు పెట్టింది. ఆ నూనె ప్యాడ్లు తాగినయి. నూనె తాగిన ప్యాడు ఇగ దేన్నీ పట్టది.

"నేను చెప్త అక్కకు," అన్న. "తప్పు నీది కాదు గద బావా. షరతు నీ మీద ఎట్ల పడ్తది?"

బావ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. "నోరు మూసుకో బామ్మర్ది. నన్ను నిలబెట్టిందని దానికి పూజ చేసుకున్నది. ఆ పూజే నన్ను పడగొట్టిందని చెప్తవా? ఇగ జన్మల దేవునికి చేతులెత్తి మొక్కదు అది."

"మరి సైకిల్ పోతది!"

"పోనీ" అన్నడు. ఆ మాట అనేటప్పుడు నా దిక్కు చూడలే. సీసల నీళ్లు పోసి, అంగీ కొసతోని డిస్కు మీది కుంకుమ ఒక్క మరక లేకుండ తుడిచిండు. సైకిళ్లు నూకుకుంట ఇంటి దిక్కు నడిచినం. తొవ్వ పొడుగూత నేను లోపల్లోపల ఉడికిన. సైకిల్ పోతే మల్ల ఆ కుర్చీ, ఆ టీవీ, ఆ రేపో మాపో.

వాకిట్లకు రాంగనే అక్క నెత్తురు చూసింది. చేతుల గిన్నె అట్లనే ఉన్నది. "ఏమైందయ్యా?"

"పడ్డ," అన్నడు బావ. "జోర్గ దిగిన. బ్రేకు ఒత్తబుద్ది కాలే. మలుపు చూసుకోలే."

సర్వీసు మొత్తం ఇజ్జత్‌గ నడిపిన మనిషి, జోర్గ నడిపి పడ్డ అని తన నోటితోని తనే చెప్తుండు. నిజం నా నాలుక కొస దాక వచ్చింది. పండ్లు బిగబట్టి గోడ దిక్కు తిరిగి నిలబడ్డ.

అక్క అరుస్తదనుకున్న. అరువలే. గిన్నె కింద పెట్టింది. "జోర్గ పోయినవా?"

"పోయిన."

"ఎందుకు పోయినవ్?"

బావ అబద్ధం గంత దూరం ఆలోచించుకోలే. అంగీకంటిన మట్టి దులుపుకుంట, "గాలి మంచిగ కొట్టింది" అన్నడు.

అక్క గడప మీద కూలబడ్డది. ఏడుస్తుంది, నవ్వుతుంది. "నిరుడంత రేపో మాపో అన్నోనివి. నువ్వు పండుకుంటే ముక్కు కాడ చెయ్యి పెట్టి ఊపిరి చూసుకుంటుంటి గదయ్యా. నీకు జోర్గ పోవాలనిపించిందా? గాలి మంచిగ కొట్టిందా నీకు?" అనుకుంట లేసి, పసుపు తెచ్చి ఆ మోకాళ్లకు అద్దవట్టింది. నాకు ఆగలే. మరి సైకిల్ సంగతేందక్కా అని అడిగేసిన. "ఏం సంగతి? ఇరిగిందా? బాగు చేపియ్యి పో" అన్నది.

నేను మెడికల్ షాపుకు ఉరికి స్పిరిట్ తెచ్చి డిస్కులు తుడిచిన. ప్యాడ్లు గరుకు కాయితంతోని రాకిన. అయినా కీసుమంటుంటే అవి పీకేసి కొత్తయి ఏసిన. వచ్చే దసరకు డిస్కులకు కొత్త గుడ్డ చుట్టి, ఇది గూడ అలంకారమే అని చెప్దామని బావ, నేను మాట్లాడుకున్నం.

దీపావళి అమాసకు మల్ల పోయిన. పూజ మాపటికి గద, పొద్దుగాల పోయొస్త అని ఇంట్ల చెప్పిన. అదే గుట్ట ఎక్కినం. బావ పైన రెండు బ్రేకులు ఒత్తి చూసుకున్నడు, పట్టినయి. దిగుడు షురూ చేసిండు. ఏళ్లు బ్రేకు మీదనే ఉన్నయి గని ఒత్తుతలేడు. అంగీ ఎనక బుర్రున లేస్తుంది. అందుకోబోతే నాకు దొరుకుతలేడు.

"మెల్లగ బావా! అక్కకు నేనేం చెప్పాలె!"

"ఉన్నదే చెప్పు బామ్మర్ది!" ఎనకకు చూడకనే కేక ఏసిండు. "జోర్గ పోతుండని చెప్పు!"