మూడు వందల అడుగుల లోపల

సైన్యంలో పదిహేడేళ్ళు చేశాను. ఆ పదిహేడేళ్ళలో నా చేతిలో ప్రాణాలు వదిలినవి కోళ్ళు మాత్రమే. నేను పటాలం వంటవాణ్ణి. తుపాకీ పట్టడం నాకూ నేర్పారు. ఏడాదికోసారి కాల్పించారు కూడా. నేను కాల్చిన ప్రతిసారీ పక్కవాడి టార్గెట్‌కు మార్కులు పెరిగేవి. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టాను. ఏడోది మాత్రం రెండుసార్లు చదివాను కాబట్టి అది బాగా వచ్చు.

అలాంటి నన్ను రెండు వేల ఆరు వేసవిలో బహ్రెయిన్‌లో ఒక విదేశీ నౌకాదళ స్థావరానికి కాపలా పెట్టారు. మెట్‌పల్లి ఏజెంటు కాగితం మీద మాజీ సైనికుడు అని రాశాడు. ఏం చేసే సైనికుడని ఎవరూ అడగలేదు. ఊళ్ళో నేను దుబాయి పోయానన్నారు. మా వైపు గల్ఫులో ఎక్కడికి పోయినా దుబాయే.

ముహరఖ్‌లో విమానం దిగి తలుపు దాటగానే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అది ఎండ కాదు. ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు మొహానికి కొట్టే ఆవిరి. వంటవాణ్ణి కదా, వెంటనే గుర్తుపట్టాను.

మకాం అరాద్‌లో. గదికి ఆరుగురం, అందరం మాజీలమే. విమానాలు నెత్తిమీద నుంచి దిగేవి. తెల్లవారకముందే బస్సు వచ్చేది, వంతెన దాటి మనామా వైపు తీసుకుపోయేది. ఇచ్చిన సామాను: రెండు జతల యూనిఫాం, నడుము రెండంగుళాలు వదులు. బూట్లు. టోపీ. రేడియో. ఒక ఈల. తుపాకీ లేదు, లాఠీ లేదు. ఎవడైనా దాడికి వస్తే ఈల ఊది, వాడికంటే ముందు పరిగెత్తాలన్నమాట.

మా కాపలా బృందానికి పెద్ద ఒక పంజాబీ, రిటైరైన సూబేదార్. మొదటి రోజు వరసలో నిలబెట్టి ఒక్కొక్కరినీ ఏ ఆయుధం వాడావని అడిగాడు. నా వంతు వచ్చింది.

"గరిట, సాబ్."

ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఔర్ కిసీకో మత్ బతానా," అన్నాడు. ఇంకెవరికీ చెప్పొద్దని. నన్ను నాలుగో పోస్టుకు వేశాడు. గేటుకు అన్నిటికంటే దూరం అదే.

నాలుగో పోస్టంటే దారికి అడ్డంగా దించే ఒక అడ్డగడ, ఒక గొడుగు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. స్థావరం గేటు ముందున్న రోడ్డులోంచి మహూజ్ వైపు ఒక సందు చీలుతుంది. ఆ సందు మొదట్లో నేను. నా వెనక కాస్త దూరంలో మూడంతస్తుల లేబర్ క్యాంపు. దాని తర్వాత గోడ, దారి లేదు. వచ్చినా పోయినా నా ముందు నుంచే.

క్యాంపులో సగం మంది కోరుట్ల, జగిత్యాల వైపు వాళ్ళు. అమ్వాజ్‌లో సముద్రం పూడ్చి కడుతున్న బిల్డింగులకు పోయేవాళ్ళు. నన్ను మిల్ట్రీ కాక అనేవారు. శుక్రవారం సెలవు. నా డ్యూటీ దిగాక అక్కడే తిని అరాద్ పోయేవాణ్ణి. వాళ్ళ కూరలకు వంకలు పెట్టడం నా వంతు, తిట్లు తినడం కూడా నా వంతే.

వాళ్ళలో పోశన్న, మల్లేశ్ అన్నదమ్ములు. మల్లేశ్ చిన్నవాడు. ఊళ్ళో ఎవరు పోయినా డప్పు కొట్టేది వాళ్ళ ఇంటివాళ్ళే. పోశన్న క్యాంపులో కూడా ఒక డప్పు చేసుకున్నాడు. నేను రాకముందే, బక్రీదు తర్వాత మేకతోలు సంపాదించి ఇనుప రింగుకు బిగించాడు. ఊళ్ళో అయితే కొట్టేముందు గడ్డి మంట మీద తోలు కాపాలి. ఇక్కడ ఆ పని ఎండే చేసేది. శుక్రవారం మధ్యాహ్నం మిద్దె మీద అతను దరువు వేస్తుంటే కింద గిన్నెలు తోముకునేవాళ్ళు కూడా నడుం ఊపేవారు.

ఆగస్టులో పోశన్న చనిపోయాడు. సైటులో నీళ్ళు తాగుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడట. గుండె అన్నారు. తమ్ముడు ఇంకో బిల్డింగులో ఉన్నాడు. అతను వచ్చేసరికి ఆంబులెన్సు పోయింది.

అదే వారం స్థావరంలో కూడా ఒకడు పోయాడు. నావికుడు. ఓడ మీద ప్రమాదం. వయసు ఇరవై దాటి ఎంతో లేదు. తల్లిదండ్రులు విమానంలో వచ్చారు. శుక్రవారం నాడు స్థావరం లోపల ప్రార్థన జరిపి, గేటు దగ్గర సైనిక వందనం చేసి, పెట్టెను విమానాశ్రయానికి పంపాలని నిర్ణయించారు.

గురువారం మమ్మల్ని కూర్చోబెట్టి వాళ్ళ భద్రతాధికారి మాట్లాడాడు. సూబేదార్ హిందీలో చెప్పాడు. వాళ్ళ దేశంలో సైనికుల చావులకు కొందరు బోర్డులు పట్టుకుని వస్తారట. చచ్చినవాడికి తగిన శాస్తి జరిగిందని రోడ్డు పక్కన నిలబడి అరుస్తారట. తల్లి ఏడుస్తుంటే ఆమెకు వినబడేలా. అందుకే ఆ ఏడే అక్కడ చట్టం వచ్చిందట. సైనిక శ్మశానానికి మూడు వందల అడుగుల లోపల, అంత్యక్రియలకు గంట ముందు నుంచి గంట తర్వాత వరకు ప్రదర్శనలు కూడవని. చట్టం అక్కడిది. కానీ రేపు మన గేటు దగ్గర కూడా అదే పాటించాలని ఆర్డర్. బోర్డు, బ్యానరు, నినాదం, హారను, బాజా, ఏదీ వద్దు. తొమ్మిది నుంచి పన్నెండు.

నేను ఊరుకోవాల్సింది. "సాబ్, మా ఊళ్ళో చావు దగ్గర తిట్టుకునేది చుట్టాలే. వాళ్ళను మూడు వందల అడుగుల అవతల నిలబెడితే పాడె మోసేవాడు దొరకడు," అన్నాను. మా బస్సు డ్రైవరొక్కడు నవ్వాడు. సూబేదార్ నవ్వలేదు. టేపు పట్టుకుని గేటు నుంచి కొలుచుకుంటూ వచ్చి, సందులో తెల్లరంగుతో గీత కొట్టాడు. క్యాంపు తలుపు గీతకు ఇవతల, గేటు వైపే పడింది. గీత అవతల గోడే.

ఆ సాయంత్రం మల్లేశ్ నా పోస్టు దగ్గరికి వచ్చాడు.

"కాకా, రేపు అన్నను ఇంటికి తోలుతున్నరు. దవాఖాన కాడికి పోనిస్తలేరు. కంపెనీ డ్రైవర్ కాళ్ళు మొక్కిన. పదకొండింటికి బండిని ఇట్ల తిప్పుకొస్త, ఒక్క నిమిషం ఆపుత అన్నడు."

"నువ్వు ఎంబడి పోతలేవా?"

"పాస్‌పోర్టు మా కఫీల్ సేటు దగ్గర ఉన్నది. సెలవు లేదన్నడు. నాకు గా నిమిషమే."

"రేపు గేటు కాడ దొరల సావు ఉన్నదిరా. సప్పుడు చెయ్యద్దని ఆర్డర్."

"ఆళ్ళ సావు ఆళ్ళది. మా సావు మాది," అన్నాడు. కాసేపు గీతను చూశాడు. "ఊరందరి సావుకు మా అన్న కొట్టిండు కాకా. ఎండల, వానల. మా అన్నకు కొట్టెటోడు లేకుంటనే పోతడా?"

నీళ్ళ సీసా ఇచ్చాను. తాగి వెళ్ళాడు.

శుక్రవారం. గాలి లేదు. గొడుగు కింద కూడా రేడియో పట్టుకోలేనంత కాలింది. తొమ్మిదికి అడ్డగడ దించాను. పదింటికి లోపల ప్రార్థన మొదలైనట్టుంది, పాట సన్నగా వినబడింది. పదిన్నర దాటాక క్యాంపు తలుపు తెరుచుకుంది. పన్నెండు మంది దాకా వచ్చారు. తలస్నానాలు చేసి, ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. చెప్పులు లేవు. ఒకడి చేతిలో సంచి నిండా పేలాలు, ఇంకొకడి పిడికిట్లో చిల్లర. పాడె మీద చల్లడానికి. మల్లేశ్ భుజాన డప్పు. పొద్దుటి నుంచి పిట్టగోడ మీద ఎండకు పెట్టినట్టున్నాడు, తోలు బిగిసి మెరుస్తోంది. వెనక ఇద్దరు ఒక దుప్పటి విప్పి పట్టుకున్నారు. దాని మీద పోశన్న ఫోటో, కింద పెద్ద అక్షరాలు. మా వైపు మనిషి పోతే ఊరి మొగదల బ్యానరు కట్టినట్టు. వాళ్ళకు సైటులో దొరికింది ఇనుముకు పూసే ఎర్రరంగు. కాస్త కారింది కూడా.

రేడియో అరిచింది. "పోస్ట్ చార్! వో లాల్ కప్డా క్యా హై?" ఆ ఎర్రగుడ్డ ఏంటని.

నేను జవాబు చెప్పేలోపే జీపు వచ్చింది. అధికారి, పక్కన సూబేదార్. అధికారి తెల్ల యూనిఫాంలో ఉన్నాడు. దుప్పటిని చూశాడు, డప్పును చూశాడు, మనుషులను లెక్కపెట్టాడు. వీళ్ళు దేనికి వ్యతిరేకంగా వచ్చారని నన్ను అడిగాడు.

"నో సార్. బ్రదర్ డెడ్ సార్. దిస్ మ్యాన్ బ్రదర్. బాడీ కమింగ్, వన్ మినిట్."

దాని మీద ఏం రాసుందన్నాడు.

"నేమ్ సార్. పోశన్న. టియర్స్. గుడ్‌బై."

"ఔర్ ఢోల్?" సూబేదార్ అడిగాడు.

"చావుకు కొడతాం సాబ్. మా దగ్గర చప్పుడు లేకుండా ఎవరూ పోరు."

ఆ ఇద్దరూ పక్కకు పోయి మాట్లాడుకున్నారు. అధికారి గడియారం చూసుకున్నాడు. గేటు వైపు చూశాడు. తిరిగి వచ్చి మల్లేశ్ ముందు నిలబడి ఏదో మెల్లగా అన్నాడు, సారీ అన్న మాట ఒక్కటి నాకు అర్థమైంది. తర్వాత సూబేదార్ నాకు ఆర్డర్ చెప్పాడు. బండి రావచ్చు. ఒక నిమిషం ఆగవచ్చు. గుడ్డ మడవాలి. చప్పుడు రాకూడదు. వస్తే నేను ఈల ఊది బండిని పంపించేయాలి.

నేను మల్లేశ్‌కు చెప్పాను. "బండి వస్తది. గుడ్డ మడవుండ్రి. సప్పుడు రావద్దు."

"సప్పుడు లేని డప్పేంది కాకా?"

"పట్టుకొని నిలబడురా. బండి అయితే ఆగుతది గద."

దుప్పటి మడిచారు. చిల్లర పట్టుకున్నవాడు చేతిని జేబులో పెట్టుకున్నాడు.

తెల్ల వ్యాను వచ్చింది. అడ్డగడ ఎత్తాను. సందులో నాలుగు గజాలు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి వెనక తలుపు తీశాడు. చెక్కపెట్టె, మీద అంటించిన కాగితం. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర బూట్లు ఒక్కసారి టక్కుమన్నాయి. బ్యూగిల్ మొదలైంది. నేను ఈల నోట్లో పెట్టుకున్నాను.

మల్లేశ్ పెట్టె ముందుకు వచ్చాడు. కుడిచేతి సిర్ర, డప్పు కొట్టే దొడ్డుపుల్ల, పైకెత్తాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను, ఊదడానికే. సిర్ర వేగంగా దిగింది. తోలుకు గోరు మందం పైన ఆగింది.

మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆగింది. ఎడమచేతి సన్నపుల్ల కూడా కలిసింది. దరువు పూర్తిగా వేస్తున్నాడు. సావు దరువే. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన దరువు. ఎక్కడ గట్టిగా పడాలో అక్కడ చేయి గట్టిగానే దిగుతోంది, తాకకుండా ఆగుతోంది. ముంజేతి నరాలు లేచాయి. మిగతావాళ్ళు ఆడటం మొదలుపెట్టారు. మోకాళ్ళు వంచి, ఎగిరి, ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకటి. కాలుతున్న తారు మీద వట్టికాళ్ళు. నోళ్ళు తెరుచుకున్నాయి, గొంతులు రాలేదు. పేలాలు పెట్టె మీద పడ్డాయి. వాటికి చప్పుడుండదు.

గేటులోంచి కార్లు వచ్చాయి. మొదటిదాంట్లో పెట్టె, దాని మీద వాళ్ళ జెండా. రెండోదాంట్లో నల్లబట్టల్లో ఒక ఆవిడ. కారు సందు ముందు నుంచి పోతుంటే తల తిప్పి మా వైపు చూసింది. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది. ఏమనుకుందో నాకు తెలియదు.

"పోస్ట్ చార్. సబ్ శాంత్?" అంతా నిశ్శబ్దమేనా అని.

ఈల తీసి, "సబ్ శాంత్, సాబ్," అన్నాను.

వ్యాను తలుపు మూసుకుంది. కార్ల వెనకే అది కూడా వంతెన వైపు వెళ్ళింది. ఇద్దరిదీ ఒకటే విమానాశ్రయం. మల్లేశ్ చేయి ఇంకా కాసేపు ఆడింది. తర్వాత ఎవరో పట్టుకుని ఆపారు.

అప్పుడు ఏమనిపించిందని మా ఊళ్ళో అడుగుతుంటారు. ఏమీ అనిపించలేదు. ఎడమ బూటులో చెమట నిండి కాలు జారుతోంది. అది తెలిసింది. పన్నెండింటికి అడ్డగడ ఎత్తాను. సూబేదార్ వచ్చి గీత దగ్గర నిలబడి పేలాలను బూటుతో పక్కకు నెట్టబోయి, ఆగి, మానేశాడు. ఆ రోజు క్యాంపులో తినకుండా అరాద్ పోయాను.

కాంట్రాక్టు అయ్యాక రెండు వేల ఎనిమిదిలో ఇంటికి వచ్చాను. ఒక దుప్పటి, ఒక టార్చిలైటు, రెండు సెంటు సీసాలు తెచ్చాను. ఇప్పుడు పెళ్ళిళ్ళకు వంటలు చేస్తున్నాను. కోళ్ళు మళ్ళీ నన్ను చూసి భయపడుతున్నాయి. అంతా మామూలే. కానీ ఎక్కడైనా శవయాత్ర ఎదురైతే, డప్పులు ఎంత మోగుతున్నా, నాకు కనిపించేది ఒక్కటే. తోలుకు గోరు మందం పైన ఆగిపోయిన సిర్ర.

మరుసటి ఏడు మల్లేశ్ కూడా వచ్చేశాడు. కోరుట్ల బస్టాండు హోటల్లో దొరికాడు. చాయ్ చెప్పాను. ఊరుకోలేను కదా, మొదలుపెట్టాను.

"ఏందిరా, నీ డప్పుకు ఇప్పుడన్న గొంతు వచ్చిందా?"

నవ్వలేదు. నేనే మళ్ళీ సర్దుకున్నాను. "అది కాదురా. ఆనాడు నువ్వు సప్పుడు చేస్తే నేను బండి పంపుతుంటి. అది ఆర్డర్. ఆ తల్లి కూడ నిమ్మలంగ ఏడ్వాలె గద. ఆళ్ళ సావుకు ఇబ్బంది అయితుండె."

మల్లేశ్ చాయ్ అంతా తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఎవలకు ఇబ్బంది కాకా? సప్పుడు జేస్తే ఎవలు లేస్తుండిరి, ఆళ్ళ పిలగాడా, మా అన్ననా?"