మేడం చదవని చివరి అధ్యాయం

మా మేడం పోయారని హనుమకొండ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను మహబూబాబాద్ స్టేషన్‌లో ఉన్నాను. దవాఖానలో ఉన్న ఆమెను చూడటానికే బయలుదేరాను. ఏం చేయాలో తోచక ఆ రైలే ఎక్కాను.

మేడంది జనగామ పక్క పల్లె. ఫ్రాన్స్ ఏలిన ఆఫ్రికా దేశాల ఆడవాళ్లు రాసిన నవలలు చదవడం, చెప్పడం, తెలుగులోకి తేవడం, అదే ఆమె జీవితం. యూనివర్సిటీలో స్త్రీ అధ్యయన విభాగానికీ ఆమే ప్రాణం. "నా తెలుగుకు నవ్విన్రు, నా ఫ్రెంచికీ నవ్విన్రు. నవ్వేటోళ్లను నవ్వనియ్యి, మనకు చదువుకునే పనున్నది" అనేవారు. నాలాంటి తండా పిల్ల పీహెచ్‌డీ దాకా వచ్చిందంటే ఆ మాట చలవే.

అనువాదం ఏదైనా, అచ్చుకు ఇచ్చే ముందు కొత్తగూడ దగ్గరి మా తండాలో చదవాల్సిందే. మిరపకాయలు ఏరి వచ్చిన ఆడవాళ్లు చుట్టూ కూర్చునేవారు. మేడం తెలుగులో చదివితే నేను లంబాడీలో చెప్పేదాన్ని. మధ్యలో ఎవరైనా లేచి వెళ్తే మేడం ఆ పేజీ మళ్లీ రాసుకునేవారు.

ఆఖరి నవలలో ఒక తల్లి కూలికి దూరదేశం పోయి, ఇంటి దగ్గర వదిలిన బిడ్డ కోసం కాలినడకన తిరిగి వస్తుంటుంది. అది కథ అని ఎంత చెప్పినా మావాళ్లకు ఎక్కలేదు.

"ఆమెది ఏ తండా? దారిల బువ్వ ఎవలు పెడుతున్నరు?" అని మా పెద్దమ్మ నిలదీసింది.

మేడం నవ్వలేదు. "ఎవలో ఒకలు పెడుతరు లే అక్కా" అన్నారు.

తండాలో చదవాల్సింది ఒక్క అధ్యాయం మిగిలుండగా మేడం మంచాన పడ్డారు. చివరిసారి కలిసినప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ తల్లి బిడ్డ దగ్గరికి చేరదు. దారిలనే పోతది. గా అధ్యాయం నువ్వే చదువు, బిడ్డా. వాళ్లు ఏడుస్తరని ఆమెను బతికియ్యకు."

దినకర్మ అయ్యాక తండాకు వెళ్లి చదివాను. బిడ్డ ఊరు కనబడే చోటికి వచ్చేసరికి, చేర్చేద్దామా అని నోటిదాకా వచ్చింది. పెద్దమ్మ నా మొహమే చూస్తోంది. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. తల్లి చేరలేదు.

పోయినవాళ్ల కోసం మా ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, రాగం తీసి, పోయిన మనిషిని పిలుస్తూ ఏడుస్తారు. పెద్దమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని, నా మెడ చుట్టూ చేతులు వేసి రాగం అందుకుంది. ఆ తల్లి కోసమే అనుకున్నాను. కాదు, పిలుస్తున్నది మేడంని.

"ఒక్కతే నడుస్తున్నదని ఆమెకు తోడు పోయినవా, అవ్వా?"