ఖాళీగా తిరిగిరాని వ్యాను

అంఫాయ్ వ్యాను ఎక్కాలంటే ముందు ఆమె అడిగే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మీలో ముసలివాళ్లు ఎంతమంది? దారిలో వాంతులు చేసుకునేవాళ్లు ఎవరు? కంపు కొట్టే దురియన్ పండు ఎవరి సంచిలో ఉంది? మూడోదానికి ఎవరూ నిజం చెప్పరు. ఆమె సామాన్ల చుట్టూ ఒకసారి తిరిగి ముక్కుతోనే దొంగను పట్టేస్తుంది. ఆ పండు అక్కడే కోయించి, అందరిచేతా తినిపించి, తొక్కలు నా చెత్తబుట్టలో వేయించాక గానీ బండి తీయదు. ఛార్జీ మాట అన్నిటికన్నా చివర వస్తుంది.

నా పేరు ముక్దా. బ్యాంకాక్ అవతల సముద్రం ఒడ్డునున్న లెం ఛబాంగ్ రేవులో, విహార నౌకలు ఆగే గేటు బయట, నీలం టార్పాలిన్ కింద అన్నమూ కూరలూ అమ్ముతాను. నా బల్లలకు ఎదురుగానే వ్యాన్ల వరస. డ్రైవర్లందరూ నా చేతి కూడు తిన్నవాళ్లే కాబట్టి వాళ్లలో ఎవరి గురించైనా మాట్లాడే హక్కు నాకుంది. ఆ మందలో దండం పెట్టదగ్గ మనిషి ఒక్క అంఫాయే. మిగతావాళ్లు చెడ్డవాళ్లేం కారు, డ్రైవర్లు, అంతే.

ఇప్పుడు కంటైనర్లు పేర్చిన చోటే ఆమె పుట్టిన పల్లె ఉండేది. తండ్రికి చేపల పడవ. రేవు కట్టడానికి పల్లెను లేపేసినప్పుడు ఆయన పడవ అమ్ముకున్నాడు గానీ, పడవ ముక్కుకు కట్టిన రంగుగుడ్డలు మాత్రం విప్పి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ గుడ్డల్లో మే యా నాంగ్ ఉంటుంది, పడవను కాచే తల్లి. తిరిగే అలవాటున్న దేవతను తెచ్చి ఇంట్లో మూల కూర్చోబెడితే ఊరుకుంటుందా? ఆయన పోయాక, అంఫాయ్ పాత వ్యాను ఒకటి కొని, ఆ గుడ్డలు తీసుకెళ్లి స్టీరింగు పైనున్న అద్దానికి కట్టింది. "తల్లీ, ఇది కూడా పడవే అనుకో. కాస్త పొడి పడవ" అని చెప్పుకుందట. ఇప్పటికీ రోజూ పొద్దున ఒక మల్లెదండ, ఒక ఎర్ర సోడా ఆ తల్లికి పెట్టాకే తాను కాఫీ తాగుతుంది.

మొదట్లో ఫ్యాక్టరీ పనివాళ్లను షిఫ్టులకు తిప్పేది. ఓడల జనం జోలికి వచ్చేదే కాదు. ఒక వానరోజు నా దగ్గర అన్నం తింటూ ఉండగా గేటులోంచి ఒక పెద్ద కుటుంబం బయటికొచ్చింది. సింగపూర్‌లో ఎక్కి ఇక్కడ దిగినవాళ్లు. ఆ ఓడ వాళ్లను వెనక్కి తీసుకెళ్లదు, ఒకవైపు టిక్కెట్టే. బ్యాంకాక్ వెళ్లి అక్కణ్నుంచి ఇంటికి విమానం ఎక్కాలి. వరసలో మొదటి వ్యాను విరోత్‌ది. వాడు చెప్పిన ధర విని ఇంటాయన నోరు తెరిచాడు.

"అంతెందుకయ్యా?" అని అడిగాడు.

"పోను ఒకటి, రాను ఒకటి సార్. మిమ్మల్ని దింపేసి నేను ఖాళీగా రావాలిగా. ఆ డీజిలు మా తాతొచ్చి పోస్తాడా?" అన్నాడు విరోత్.

ఇంటాయన భార్య సామాన్ల మీద కూర్చుని మనుషుల్ని పంచడం మొదలుపెట్టింది. ముసలివాళ్లు ఇద్దరూ ఆయనతో టాక్సీలో, తనూ పిల్లలూ బస్సు వెతుక్కుంటూ. అన్ని రోజులు నీళ్ల మీద కలిసి వచ్చిన కుటుంబం నేల మీద కాలు పెట్టగానే రెండు ముక్కలైంది. చిన్నపిల్ల తాత చెయ్యి వదలనని ఏడ్చింది.

అంఫాయ్ చెంచా కింద పెట్టింది. "ముక్దా, ఇదే ఓడ ఎక్కడానికి మధ్యాహ్నం బ్యాంకాక్ నుంచి జనం వస్తారుగా. వాళ్లను తెచ్చిన బండి కూడా ఖాళీగానేగా పోయేది?"

"అవును. అయితే?"

"అంటే ఖాళీ సీట్లకి కూడా పాపం ఈ జనమే డబ్బు కడుతున్నారు."

"లోకం అంతా అంతేలే. అన్నం చల్లారిపోతోంది, తిను" అన్నాను. ఆమె తినలేదు. కోడి వేపుడు పక్కన పెట్టి ఆలోచిస్తోందంటే వ్యవహారం ముదిరిందన్నమాటే.

ఆ తర్వాత ఆమె చేసిందల్లా జతలు కలపడమే. బ్యాంకాక్‌లో టిక్కెట్లమ్మే కొట్టులో మొగుడి తరఫు చుట్టం ఒకామె ఉంది. హోటళ్లలో గదులు ఊడ్చేవాళ్లలో మా వైపు వాళ్లున్నారు. వాళ్లను పట్టుకుని, ఓడ దిగి బ్యాంకాక్ వెళ్లే కుటుంబం ఒకటీ, బ్యాంకాక్ నుంచి వచ్చి ఓడ ఎక్కే కుటుంబం ఒకటీ ముందే మాట్లాడి పెట్టేది. పొద్దున వాళ్లను తీసుకెళ్లి, అదే బండిలో వీళ్లను తెచ్చేది. ఎవరి దారికి వాళ్లు ఇచ్చుకుంటారు, ఖాళీ సీట్లకు ఎవరూ ఇవ్వరు. ఇంత చిన్న సంగతి రేవులో ఇంకెవరి బుర్రకూ తట్టలేదు. తట్టినా, అందులో ఉన్న తలనొప్పి చూసి వదిలేసి ఉంటారు. ఆ ఫోన్లూ, ఆ బతిమాలడాలూ, "అయ్యా మీ అత్తగారిని కాస్త ముందు లేపండి" అని గోలా, ఇవన్నీ ఎవడికి కావాలి?

ఆమె బండి ఎక్కితే సుఖమని మాత్రం చెప్పను. బయల్దేరే ముందు ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరినీ వరసగా మరుగుదొడ్డికి తోలుతుంది. "రావట్లేదండీ" అంటే "వెళ్లి కూర్చోండి, అదే వస్తుంది" అంటుంది. ఆలస్యంగా వచ్చినవాడు బ్యాంకు మేనేజరైనా సరే అందరి ముందూ కడిగేస్తుంది. దారంతా గొంతెత్తి పల్లెపాటలు పాడుతుంది, ఆ గొంతుకు కాకులు లేచిపోతాయి. అయినా ఆమె బండి దిగిన ముసలమ్మలు ఆమె చేతులు పట్టుకుని వదలరు. మోకాలు నొప్పున్నవాళ్లకు తలుపు పక్క సీటు ఉంచుతుంది, కడుపులో తిప్పేవాళ్లను ముందు కూర్చోబెట్టి ఉప్పూకారం అద్దిన పుల్లమామిడి ముక్క చేతిలో పెడుతుంది. కుటుంబాన్ని మాత్రం విడదీయదు. ఎన్ని పెట్టెలున్నా, కాళ్ల కింద పెట్టయినా సరే, అందరినీ ఒకే బండిలో పట్టిస్తుంది.

వరసలో వాళ్లకు ఒళ్లు మండింది. అందరికన్నా ఎక్కువ విరోత్‌కి. వయసులో ఆమెకన్నా చిన్నవాడు, డ్రైవింగు ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. అందుకే ఇంకా మండింది. "మా కంచంలో మన్ను పోశావక్కా! నీ వ్యాను ఇంక ఈ వరసలో పెట్టకు" అని నా బల్ల మీద గుద్ది మరీ చెప్పాడు. అంఫాయ్ చెట్ల నీడలోంచి బండి తీసి ఎండలో పెట్టుకుంది. అప్పటినుంచీ ఇద్దరూ ఎడమొహం పెడమొహం. ఒకరు తింటుంటే ఇంకొకరు నా బల్ల దగ్గరికి రారు. మధ్యలో నష్టం నాకు.

ఈ జతల పద్ధతిలో ఒక చిక్కుంది, అది ఆమెకూ తెలుసు. ఒక కుటుంబానికి ఆలస్యమైతే రెండోవాళ్లు మునుగుతారు. కిందటి చలికాలంలో అదే జరిగింది.

ఆ రోజు బ్యాంకాక్‌లో ఆమె కోసం ఎదురుచూస్తున్నది చంత్రా అనే ముసలమ్మ కుటుంబం. ఖ్లోంగ్ తోయ్ సంతలో కూరగాయలమ్మే మనిషి. కూతురు సింగపూర్‌లో కాపురం ఉంటోంది, నెలలు నిండాయి, తొలి కాన్పు. ముసలమ్మకు చెవి ఆపరేషన్ అయింది, విమానం ఎక్కొద్దన్నారు. రాత్రింబవళ్లు బస్సులో కూర్చునే నడుమూ కాదు. కొడుకు మనోప్ ఓడలో కిటికీ లేని లోపలి గదికి చవగ్గా దొరికిన టిక్కెట్లు కొన్నాడు. అందరూ ఓడలో వెళ్లి, తల్లిని సింగపూర్‌లో దింపి, తనూ భార్యా పిల్లలూ బస్సులో తిరిగి రావాలని. ఆ టిక్కెట్లు ఆ ఓడకే. ఇంకో ఓడ వచ్చేసరికి బిడ్డ పుట్టి పాకుతుంది.

ఇటు ఓడ దిగాల్సింది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కుటుంబం. పొద్దున్నే బయటికి రావాలి, రాలేదు. తర్వాత ఆ ఇంటి కూతురు మారివిక్ ఒక్కతే గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. వాళ్ల నాన్న లోపల వరసలో కళ్లు తిరిగి పడిపోయాడట, డాక్టరు చూస్తున్నాడట.

"మీరు వెళ్లిపోండి, మా విమానం రాత్రికిగా. మేం ఇంకేదో చూసుకుంటాం" అంది ఏడుస్తూ.

అంఫాయ్ ఎదురుగా ఉన్న వ్యాన్ల వరస వైపు చూసింది. ఇంకేదో అంటే ఏంటో ఆమెకు తెలుసు, వాళ్లు రెండు ముక్కలు కావడమే. "మీ నాన్న కూర్చోగానే నాతో చెప్పమ్మా, నేను ఇక్కడే ఉంటా" అంది. అలా ఇప్పుడొస్తారు, ఇంకాసేపట్లో వస్తారు అని చూస్తూ చూస్తూ పొద్దెక్కిపోయింది. ఇప్పుడు బయల్దేరినా బ్యాంకాక్ వెళ్లి ముసలమ్మను తీసుకొచ్చేలోపు గేటు మూసేస్తారు. అటు వాళ్లకూ ఇటు వాళ్లకూ మాటిచ్చింది. నా బల్ల మీద తల పట్టుకు కూర్చుంది. ఆమె అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి తలెత్తి, "పొద్దున విరోత్ ఎవర్నో బ్యాంకాక్ తీసుకెళ్లాడు కదూ?" అంది.

"ఫ్రెంచి దంపతుల్ని. ఎందుకూ?"

ఆమె ఫోను తీసింది. బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. అవతలి నుంచి ముందు నవ్వు వినిపించింది.

"ఎవరూ, అంఫాయ్ అక్కే! నా నంబరు ఇంకా చెరిపేయలేదా?"

"ఎక్కడున్నావు విరోత్?"

"బ్యాంకాక్‌లోనే. ఇప్పుడే దింపేశా. ఖాళీగా బయల్దేరుతున్నాలే, మాది పాత పద్ధతి."

"ఖ్లోంగ్ తోయ్ సంత ముందు ఒక ముసలమ్మ, కొడుకూ కోడలూ పిల్లలూ ఉన్నారు. ఈ ఓడే ఎక్కాలి. నేను అందుకోలేను. నువ్వెళ్లు."

"నేనా? నీ సగం ధర జనాన్ని నేనెక్కించుకోవాలా? రేపు వరసలో నా పరువేం కాను?"

"ఖాళీగా వస్తే నీ పరువు డీజిలు పోస్తుందట్రా? వాళ్లిచ్చేదంతా నీదే, నాకేం వద్దు."

"అబ్బో! ఎన్నాళ్లకి గుర్తొచ్చానక్కా. నీకు పని పడితే తప్ప నేను మనిషిని కాదన్నమాట."

"తిట్టుకో. ఓడ వెళ్లాక తీరిగ్గా తిట్టుకో, నేనే వచ్చి ఎదురుగా కూర్చుంటా. ఆవిడ కూతురికి నెలలు నిండాయి విరోత్. ఈ ఓడ తప్పితే ఆ పిల్ల పరాయి ఊళ్లో తల్లి లేకుండా కనాలి. బతిమాలుతున్నాను, వెళ్లు."

అవతల ఫోను కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. వాడు వెళ్లాడో లేదో తెలీదు. మనోప్ ఫోనూ ఎత్తడం లేదు.

అంతలో మారివిక్ వాళ్ల నాన్నను చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. పెద్దాయన మొహం పాలిపోయి ఉంది గానీ నవ్వుతున్నాడు. వాళ్ల విమానం వేళ దగ్గరపడుతోంది. అంఫాయ్ ఆయన్ను పడుకోబెట్టేలా వెనక సీటు సర్ది, పెట్టెలన్నీ జనం కాళ్ల కింద ఇరికించింది. నా దగ్గరికొచ్చి, "గేటు దగ్గరే ఉండు ముక్దా. వస్తే చెప్పు. రాకపోయినా చెప్పు" అంది. ఆ వేళ ఎవర్నీ మరుగుదొడ్డికి తోలలేదు, పాట అసలే పాడలేదు.

నేను కూరల మీద మూతలు పెట్టేసి గేటు దగ్గర నిలబడ్డాను. ఒక్కో టాక్సీ వస్తుంటే ప్రాణం లేచొచ్చేది. రెండుసార్లు ఫోను మోగింది. "వచ్చారా?" అని ఆమె, "లేదు" అని నేను. ఓడ ఎక్కేవాళ్ల వరస పలచబడి, ఆఖరికి ఎవరూ లేకుండా పోయారు. గార్డు గొలుసు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు విరోత్ వ్యాను హారన్ మోగించుకుంటూ వచ్చి నా టార్పాలిన్ తాడును తెంపుకుని ఆగింది. "ఆపరా! ఆపు! బాలింత తల్లి!" అని వాడు కిటికీలోంచి అరుస్తున్నాడు. ఎవరు బాలింతో, ఎవరు తల్లో వాడికే తెలీదు. గార్డు గొలుసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మనోప్ పెట్టెలతో, కోడలు పిల్లలతో పరుగు. ముసలమ్మ ఒళ్లో రెండు మట్టికుండలు, కాన్పయ్యాక ఉప్పు వేడిచేసి పొట్టకు కాపడం పెట్టేవి. విరోత్ ఆ కుండలు రెండూ చెరో చంకలో పెట్టుకుని గేటు దాకా పరిగెత్తాడు.

ముసలమ్మ నా ముందు ఆగి నా చెయ్యి పట్టుకుంది. "అంఫాయ్ నువ్వేనా తల్లీ?"

"నేను కాదమ్మా. ఆమె మీకెదురుగా బ్యాంకాక్ దారిలో వెళ్లింది. ఎక్కడో మిమ్మల్ని దాటే ఉంటుంది."

ఆవిడ రోడ్డు వైపు తిరిగి రెండు చేతులూ నుదుటికి ఎత్తింది. కొడుకు లాగుతున్నా దించలేదు. తర్వాత లోపలికి వెళ్లిపోయింది.

విరోత్ వచ్చి నా బల్ల దగ్గర కూలబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "దారంతా నన్ను చంపేసింది ఆ ముసలిది. అంఫాయ్ బంగారం, అంఫాయ్ దేవత. మొహమైనా చూడలేదట, ఫోన్లో మాట్లాడిందే" అని గొణిగాడు. కాసేపు ఫోను చేతిలో తిప్పి, తిప్పి, ఆఖరికి చేశాడు.

"ఎక్కించేశానక్కా" అన్నాడు.

వాడి ఫోనూ స్పీకరులోనే ఉంది. బండి చప్పుడు, ఎవరో పిల్ల నవ్వు. వాడు తిట్లకు సిద్ధపడ్డాడో, పొగడ్తలకు సిద్ధపడ్డాడో తెలీదు, మొహం బిగించుకుని కూర్చున్నాడు.

"అన్నం తిన్నావురా?" అని వినిపించింది.

వాడు చటుక్కున మొహం అటు తిప్పుకున్నాడు. "లేదక్కా."

"పొద్దుటినుంచీ తినలేదా? ముక్దాకి చెప్పు, పెడుతుంది. పైన కోడిగుడ్డు వేయించి వెయ్యమను, నీకు పచ్చసొన గట్టిగా ఉంటే నచ్చదుగా."

నేను మూతలు తీసి వడ్డించాను. వాడు చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు, తింటూ మళ్లీ తుడుచుకున్నాడు. ఆ ఏడుపులోనే రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాడు.