పెళ్లిచూపుల్లో చెప్పిన ఈత

మా అత్తగారిది మండవల్లి పక్కన చేపల చెరువుల ఊరు. పెళ్లిచూపులకు వెళ్లిన రోజు ఆవిడ నా జీతం అడగలేదు, చదువు అడగలేదు. "బాబుగారికి ఈత వచ్చాండీ?" అని మాత్రం అడిగారు. ఇంటికి మూడు వైపులా చెరువులే ఉన్నవాళ్లకు అది న్యాయమైన ప్రశ్నే. తాడేపల్లిగూడెంలో పుట్టి, నీళ్లంటే బకెట్లో తప్ప ఎరగని నేను, తలుపు పక్కన పెళ్లికూతురు వింటోందన్న ఊపులో, "వచ్చండీ, ఏలూరు కాలవలో నేర్చుకున్నాను" అన్నాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్లపాటు ఆ ఈతను కాపాడుకుంటూ వచ్చాను. వేసవి సెలవుల్లో బావమరుదులు చెరువులోకి దూకే వేళకు నాకు జలుబు చేసేది. ఏటా, మే నెలలో. నేను పనిచేసే కాలేజీలో ఎండాకాలం జాగ్రత్తల నోటీసు రాసేది మాత్రం నేనే. తలకు గుడ్డ కట్టుకోండి, దాహం వేయకముందే నీళ్లు తాగండి, లోతు తెలియని నీళ్లలోకి దిగకండి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాకిచ్చారు, నేను పాటిస్తానని కాదు.

నిరుడు మేలో ఒకరోజు చేపలకు మేత కట్టే మనిషి రాలేదు. చెరువులో పాతిన గుంజలకు తవుడు సంచులు కట్టాలి. నేను కడతానన్నాను. పడవ నడపక్కర్లేదు, గట్టు నుంచి గట్టుకు కట్టిన తాడు పట్టుకుని లాక్కుంటూ పోవడమే. మామగారు తలకు చుట్టుకోమని తువ్వాలు ఇస్తే, రంగు వేసుకున్న జుట్టు చెదురుతుందని వద్దన్నాను. అత్తగారు ఇచ్చిన మజ్జిగ తిరిగొచ్చాక తాగుతానన్నాను. ఏడేళ్ల మా అమ్మాయి తనూ వస్తానంది. దానికి ఈత రాదు. అమ్మమ్మ నేర్పుతానన్నప్పుడల్లా, నేనుండగా మీకెందుకండీ శ్రమ అని అడ్డుపడింది నేనే.

"తీసుకెళ్లండి, మీరుంటారు కదండీ" అన్నారు అత్తగారు.

ఆ మాటకైనా నోరు విప్పాల్సింది. పిల్లను ఎక్కించుకుని బయల్దేరాను.

నాలుగు సంచులు కట్టేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఐదోది ఎత్తబోతే కళ్లు బైర్లు కమ్మాయి. చేతిలోంచి తాడు జారింది, పడవ ఒక పక్కకు ఒరిగింది.

"నాన్నా, పడిపోతే నన్ను పట్టుకుంటావుగా" అంది అమ్మాయి, ఏ బెదురూ లేకుండా.

పడవలో కూలబడి, దాన్ని గట్టిగా పొదువుకుని, గట్టు మీదున్న మామగారూ, బావమరుదులూ, పక్క చెరువు వాళ్లూ అందరూ వినేలా అరిచాను. "నాకు ఈత రాదండీ. పిల్లకీ రాదండీ. ఎవరైనా రండి."

అందరికంటే ముందు కదిలింది అత్తగారు. కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగి, ఈదుకుంటూ వచ్చి, పడవను గట్టుదాకా లాక్కుపోయారు. దారిలో నన్ను ఒకసారి తిరిగి చూశారు. మేత కోసం పైకొచ్చిన చేపలు కూడా నన్ను ఒకసారి చూసి వెళ్లాయి.

నన్ను నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచారు. కాస్త తేరుకున్నాక అత్తగారు మజ్జిగ తెచ్చారు, నేను వద్దన్న ఆ గ్లాసే.

"ఆ రోజే రాదని చెబితే పిల్లనివ్వకుండా పోతామాండీ? మేమే నేర్పుకునేవాళ్లం" అన్నారు. గ్లాసు నా చేతిలో పెట్టి, "మీకు వచ్చనే కదండీ మనవరాల్ని మీతో పంపాను" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఎండదెబ్బ అనుకుని ఇంకో గ్లాసు ఇచ్చారు.

మర్నాడు తెల్లవారగానే నడుములకు ఖాళీ డబ్బాలు కట్టి మా ఇద్దరినీ నీళ్లలోకి దింపారు. అమ్మాయి వారంలో డబ్బాలు విప్పేసింది. నేను ఇప్పటికీ విప్పలేదు.

ఈ వేసవిలో మళ్లీ పడవ దగ్గరికి వెళ్లాం. నా తలకు తువ్వాలు ఉంది, చేతిలో నీళ్ల సీసా ఉంది. అమ్మాయి పడవలో కాలు పెట్టబోయి ఆగి, నన్నొకసారి చూసి, ఇంటి వైపు తిరిగి పిలిచింది.

"అమ్మమ్మా, నువ్వు కూడా రావా?"