ఎవరి చెత్త వాళ్లింటికి

ఖిలా వరంగల్‌ పోయే దారిలో, మూల మీద ప్రేమలత వాళ్ల కిరాణా దుకాణం. ఇరవై ఆరేళ్లుగా ఆమె, భర్త రాంచందర్ దాన్ని నడుపుతున్నారు. రాంచందర్ నెమ్మది మనిషి. గిరాకీ ఎంత విసిగించినా నవ్వుతూ పొట్లం కడతాడు. ప్రేమలత అట్లా కాదు. పుచ్చు పల్లీలు అంటగట్టిన హోల్‌సేల్ సేటుతో నడి బజార్లో వాదించి బస్తా తిరిగి ఇచ్చి వచ్చిన మనిషి. వీధిలో వాళ్లకు ఆమె నోరంటే భయం, ఆమె తూకమంటే నమ్మకం.

దుకాణానికి ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన మోరీ. చెత్త ఆటో రోజూ ఏడున్నరకు ప్రతి గల్లీకీ వస్తుంది, మైకులో పాట పెట్టుకుని మరీ వస్తుంది. అయినా జనం దాని కోసం ఆగరు. బండి మీద పోతూ పోతూ, కాలు కూడా కింద పెట్టకుండా, ముడేసిన కవరు ఆ మూలకు విసిరి పోతారు. మొన్నటి వానాకాలం మోరీ పూడి మురికినీళ్లు దుకాణంలోకి వచ్చాయి. రెండు బస్తాల చక్కెర పాకమైపోయింది. అప్పటి నుంచి ప్రేమలత ఆరింటికే షట్టర్ ఎత్తి గడప మీద నిలబడేది. విసిరిన ప్రతివాడినీ కేకేసేది. కొందరు సిగ్గుపడి తీసుకుపోయేవాళ్లు. కొందరు రోడ్డు నీ అయ్యదా అని అడిగేవాళ్లు.

తెల్ల స్కూటీ మనిషి ఒకడు మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఆరూ నలభైకి వచ్చేవాడు, విసిరేవాడు, పోయేవాడు. ఆమె గొంతు చించుకున్నా హెల్మెట్ ఇటు తిరిగేది కాదు. అదే ఆమెకు ఎక్కువ మండేది. తిట్టినవాడు తనను మనిషిగా లెక్కించి తిట్టాడు. వీడికి ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎంతో తనూ అంతే.

ఆ వీధి ఊడ్చేది సమ్మమ్మ. నలభై దాటిన మనిషి, నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి రైలు పట్టాల అవతల ఉంటుంది. ఊడ్చడం అయ్యాక ప్రేమలత దుకాణం మెట్ల మీద కూర్చుని చాయ్ తాగి పోవడం ఆమెకు అలవాటు.

అది ఒక మంగళవారం. స్కూటీ మనిషి విసిరి పోయిన పది నిమిషాలకు సమ్మమ్మ మూల దగ్గరికి వచ్చింది. చేతికి తొడుగులు లేవు, ఇచ్చినవి ఎప్పుడో చిరిగిపోయాయి. కవరు పిడికిట పట్టి లేపింది. అంతలోనే కవరు వదిలేసి కింద కూలబడింది. లోపల పగిలిన సీసా ఉంది. బొటనవేలి మొదట్లో నిలువునా కోసుకుపోయింది.

ప్రేమలత దుకాణంలోని కొత్త తువ్వాలు చింపి చెయ్యి చుట్టింది. ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయింది. తువ్వాలు మొత్తం ఎర్రబడింది. ఏడు కుట్లు పడ్డాయి. వేలును వంచే నరం తెగిందని, ఆపరేషన్ చేసినా ఇదివరకటిలా పనిచేస్తుందో లేదో చెప్పలేమని డాక్టర్ అన్నాడు. సమ్మమ్మ ఏడవలేదు. వీధి సగమే ఊడ్చాను, మేస్త్రీ ఏమంటాడో అని అడిగింది. ఆ మాట విన్నాక ప్రేమలత అక్కడ నిలబడలేకపోయింది. సమ్మమ్మ బిడ్డ రాగానే అప్పజెప్పి తిరిగొచ్చింది.

వచ్చి నేరుగా మూలకు పోయింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, కట్టెతో ఆ కవరు విప్పింది. కూరగాయల తొక్కలు, టీ పొడి, నెత్తురంటిన గాజు పెంకులు. అడుగున ఒక కొరియర్ కవరు. దాని మీద మహిపాల్ అన్న పేరు, ఫ్లాటు నంబరు, ఫోను నంబరు. అరకిలోమీటరు దూరంలోని అపార్ట్‌మెంట్ అది. అక్కడి వాళ్లు నెల సామాను ఈ దుకాణంలోనే తీసుకుంటారు. రాంచందర్ పరుగున వచ్చి, వద్దు, గిరాకీ పోతుంది, ఫోన్లో చెప్దాం అన్నాడు. ఆమె ఒక్క పెంకు కూడా వదలకుండా అంతా సంచిలోకెత్తి నడిచింది.

తలుపు తీసింది మహిపాల్ భార్య లావణ్య. దారి పొడవునా ప్రేమలత ఎన్నో తిట్లు కూర్చుకుంది. ఆ అమ్మాయిని చూశాక ఒక్కటీ రాలేదు. సంచి తెరిచి చూపించి, ఇది మీ ఇంటిదేనా అని మాత్రం అడిగింది.

"ఔనాంటీ, మా ఆవకాయ సీసా. మొన్న చెయ్యిజారి పలిగింది," అంది లావణ్య ఏమీ తెలియక. అప్పుడు పెంకుల మీది మరకలు చూసి ఆగిపోయింది.

ప్రేమలత జరిగింది చెప్పింది. గొంతు విని మహిపాల్ బయటికి వచ్చాడు. కాలేజీలో లెక్చరర్. హెల్మెట్ లేకుండా అతని ముఖం చూడటం ఆమెకు అదే మొదలు. మెత్తటి ముఖమే. అతను నెత్తుటి వంక చూడలేదు. వేరేవాళ్ల చెత్త తెరిచి చూడటం ఏం పద్ధతి అన్నాడు, పోలీసులకు చెప్తానన్నాడు. తర్వాత వేలు చూపిస్తూ అన్నాడు.

"మోరీ నిండ మీ దుకాణం కవర్లే ఉన్నయి. పేరు అచ్చేసి మరీ ఇస్తాన్రు. మీరొచ్చి నాకు చెప్తరా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది, ఎందుకంటే అది నిజం. నీళ్లు దుకాణంలోకి వచ్చిన రోజు మోరీలోంచి కట్టెతో లాగింది తన పేరున్న కవర్లనే. ఆమెకు కోపం ఇంకా పెరిగింది, ఎవరి మీదో తెలియనంత.

"నిజమే సారూ, నా కవర్లే," అంది. "ఆ తప్పు నాది, నేను సూసుకుంట. ఈ సీస ఎవరిది?"

మహిపాల్ దవాఖాన ఖర్చు ఎంతయిందో చెప్తే ఇస్తానన్నాడు.

"పైసలు ఎవ్వలడిగిన్రు? వచ్చి ఆమె చెయ్యి సూడు."

అతను లోపలికి పోయాడు. లావణ్య మాత్రం చెప్పులేసుకుని బయటికి వచ్చింది. లోపలి నుంచి భర్త రెండుసార్లు పిలిచినా వెనక్కి తిరగలేదు.

దవాఖానలో లావణ్య ఎవరో ప్రేమలత చెప్పినా, సమ్మమ్మ బెంచీ మీద పక్కకు జరిగి, కూసో బిడ్డా అంది. లావణ్య కుట్లేసిన చెయ్యి వంకే చూస్తూ ఏడ్చింది. సమ్మమ్మే ఆమెను ఓదార్చింది. ప్రేమలతకు ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి వెళ్లాక, ఆ ఇంటివాళ్లను ఒక్క మాటైనా ఎందుకు అనలేదని నిలదీసింది.

"నీకు కోపం చేసుకునే జాగ ఉన్నదక్కా," అంది సమ్మమ్మ. "నేను రేపు మల్ల ఆళ్ల గల్లీనే ఊడ్వాలె."

ఆ వారమే అపార్ట్‌మెంట్ నుంచి నలుగురు పెద్దమనుషులు వచ్చారు. సారుకు సారీ చెప్పమన్నారు. ప్రేమలత వాళ్ల ముందే కొక్కేనికి వేలాడుతున్న కవర్ల కట్ట దించి, సామాను కావాలంటే ఇకనుంచి సంచి తెచ్చుకోండి అంది. సారీ చెప్పలేదు. తొమ్మిది ఇళ్ల గిరాకీ పోయింది. రాంచందర్ మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాత్రం, కవరు లేదా అని గొడవకు దిగిన ఒకతనికి తనే పాత పేపరులో చింతపండు పొట్లం కట్టి, ఇష్టముంటే తీసుకోమన్నాడు.

తెల్ల స్కూటీ మళ్లీ ఆ మూలకు రాలేదు. మహిపాల్ ఇప్పుడు చెత్తను రాతికోట చుట్టూ ఉన్న అగడ్త ఒడ్డున వేస్తున్నాడని ఎవరో చెప్పారు. ఒక ఆదివారం ప్రేమలత పోయి చూసింది. ఒడ్డు పొడవునా వందల ముడేసిన కవర్లు. ఎవరిది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. పైన కోట చూడవచ్చినవాళ్లు ఫోటోలు దిగుతున్నారు, కిందికి ఎవరూ చూడటం లేదు. ఆమె చాలాసేపు నిలబడింది. అన్ని కవర్లు విప్పి అన్ని ఇళ్లకూ మోసే బలం తనకు లేదన్న సంగతే ఆమెకు భరించరానిదైంది.

రెండు నెలలకు సమ్మమ్మ పనిలోకి వచ్చింది. బొటనవేలు వంగదు. చీపురు ఎడమ చేత్తో పట్టి, మెల్లగా ఊడుస్తుంది. ఆ పొద్దున బండి మీద వచ్చిన ఒకతను చాయ్ తాగి, ఆమె అప్పుడే ఊడ్చిన చోట కప్పు పడేశాడు. ప్రేమలత గడప దిగి పోయి బండి హ్యాండిల్ పట్టుకుంది. ఈసారి కేకలేయలేదు.

"తియ్యి," అంది.

అతను నవ్వాడు. ఆమె పట్టు వదల్లేదు. వెనక ఆటోలు హారన్ కొట్టాయి. సమ్మమ్మ పోనియ్యక్కా అంది. ప్రేమలత కదల్లేదు. చివరికి అతను బండి దిగి, వంగి, కప్పు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. పోతూ ఏదో తిట్టాడు.

ప్రేమలత లోపలికి వచ్చి, అప్పటిదాకా ఎదురుచూస్తున్న గిరాకీకి కిలో కందిపప్పు తూచి, సంచి పట్టమంది.