ప్లూటో పోయిన ఏడాది... అమ్మ రాసిన పరీక్ష

మా చిన్నప్పుడు... చిల్కానగర్‌లో మేం అద్దెకున్న ఇంట్లో, నల్లా కింద బిందె పెట్టగానే పరీక్ష మొదలయ్యేది!

రోజు విడిచి రోజు సాయంత్రం నీళ్ళొచ్చేవి. కింది పోర్షన్ మాది. పైన రేకుల గదిలో శీను మామ ఉండేవాడు... జనగామ నుంచి వచ్చి నాచారంలో ఒక కంపెనీలో పనికి కుదిరాడు. చుట్టం కాదు. మా అమ్మను అక్కా అని పిలిచేవాడు, అందుకని నాకు మామ.

ఇద్దరూ ఒకే సర్కారు నౌకరీ పరీక్షకు చదువుతున్నారు. రెండిళ్ళకూ కలిపి ఒకటే పేపరు. సైన్సు వార్తలు మామ వంతు, పర్యావరణం, ప్రపంచం అమ్మ వంతు. నల్లా దగ్గర ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్ళు. బిందె నిండేలోపు జవాబు రాకపోతే ఓడినట్టే... నిండగానే అరవడం ఆరో తరగతి చదివే నా డ్యూటీ.

“ఈ నడుమ కొత్తగ ఏర్పడ్డ దేశం ఏది తమ్మీ?” అనేది అమ్మ.

“మాంటెనీగ్రో! జర కష్టమైంది అడుగక్కా,” అనేవాడు మామ.

పోటీలో ఉన్నవాళ్ళు ఒకరికొకరు పాఠం చెప్పుకోవడమేంటని వీధిలో నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు గానీ... అమ్మకు అది ఆట కాదు. నాన్న పనిచేసే కంపెనీకి తాళం పడింది. అమ్మకేమో ఆ పరీక్షతో వయసు దాటిపోతుంది. ఈసారి రాకపోతే ఇక రాదు. పోస్టులు చూస్తే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అది రెండువేల ఆరు. పరీక్ష దగ్గర పడ్డాక ఒకరోజు మామ పేపరు పట్టుకుని గబగబా మెట్లు దిగొచ్చాడు.

“అక్కా, ప్లూటోను తీసేసిన్రు! ఇగ గ్రహాలు ఎనిమిదే!”

అమ్మ గుండెల్లో రాయి పడింది. “గట్లెట్ల తమ్మీ? ప్రశ్నలు ఎప్పుడో తయారు జేసి ఉంటరు గద... వాళ్ళ లెక్కల తొమ్మిదే ఉంటయ్!”

ఆ సాయంత్రమంతా అదే గొడవ... బిందెలు పొర్లిపోతున్నా పట్టించుకోలేదు. చివరికి, ఆ ప్రశ్న వస్తే ఇద్దరూ తొమ్మిదే పెట్టాలని మాటనుకున్నారు.

వచ్చింది! పరీక్ష అయ్యాక సెంటర్ గేటు దగ్గర అమ్మ, “తొమ్మిది పెట్టిన,” అంది.

మామ తల వంచుకున్నాడు. “నేను ఎనిమిది పెట్టినక్కా... చెయ్యి రాలే. తెలిసి తెలిసి తప్పెట్ల పెడ్త?”

కొన్నాళ్ళకు పేపర్లో జవాబుల కీ పడింది. తొమ్మిది. అమ్మ దండం పెట్టుకుంది. కానీ కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది... అభ్యంతరాలుంటే గడువులోపు ఆఫీసులో అర్జీ ఇవ్వాలట.

నిజం మామ వైపుంది. ప్లూటో వార్త పడిన పేపరూ మామ దగ్గరే ఉంది. ఆయన అర్జీ పెట్టి కీ మారిందంటే ఆయనకో మార్కు కలుస్తుంది... అమ్మకో మార్కు పోతుంది.

ఆ రోజు నుంచి నల్లా దగ్గర ప్రశ్నలు ఆగిపోయాయి. అమ్మకు అన్నం సయించేది కాదు. మామతో పెట్టు అనలేదు, వద్దూ అనలేదు... కక్కలేక మింగలేక తిరిగేది. ఆ కోపమంతా నాన్న మీద చూపించేది.

“నువ్వన్నా పొయ్యి అడగరాదు?”

“ఏమని అడగాలె? నిజం చెప్పకు తమ్మీ అని అడగాల్నా?” అన్నాడు నాన్న.

నాకైతే మామంటేనే భయం పట్టుకుంది. ఆయన గేటు తీస్తే చాలు, చేతిలో కాగితాలున్నాయేమోనని కిటికీలోంచి చూసేదాన్ని. నాకు లెక్కలు చెప్పిన మనిషి, నన్ను సైకిల్ మీద ఉప్పల్ దాకా తిప్పిన మనిషి... దొంగను చూసినట్టు చూశాను.

ఆఖరి రోజు సాయంత్రం. నల్లా వచ్చింది. అప్పుడు నోరు విప్పింది అమ్మ.

“తమ్మీ... నువ్వు అర్జీ పెట్టు. నిజం నీ దిక్కే ఉన్నది. నా గురించి ఆగకు.”

మామ నిండిన బిందె పక్కకు జరిపాడు. “ఆఫీసు బందయిందక్కా. గడువు అయిపోయె.”

“అయిపోయిందా...” అంది అమ్మ.

అమ్మకు తెలుసు. మధ్యాహ్నం నుంచీ గోడ గడియారం వైపు చూస్తూనే ఉంది. అమ్మకు తెలుసని మామకూ తెలుసు.

“పొద్దుగాల్నించి నాకు యాదికే ఉండె,” అన్నాడు మామ మెల్లగా. “నువ్వు చెప్తేనే పెట్టాల్నా, చెప్పకుంటే పెట్టరాదా? కావాలనే పెట్టలే. నాకింక వయసున్నది, మళ్ళ రాస్త. ఫికర్ జేయకు.”

అమ్మ నల్లా గట్టు మీద కూలబడి ఏడ్చింది. మామ మా బిందె కూడా తనే నింపి గడప దగ్గర పెట్టి పైకెళ్ళిపోయాడు.

ఇంకెవరూ అర్జీ పెట్టలేదో ఏమో... కీ మారలేదు. అమ్మకు నౌకరీ వచ్చింది. మామకు ఒక్క మార్కులో పోయింది.

మామ మళ్ళీ రాస్తానన్నాడు గానీ... ఒక నోటిఫికేషన్ రాలేదు, ఒకటి వచ్చి ఆగిపోయింది. పెళ్ళయింది, పిల్లలు, బోడుప్పల్‌లో కాపురం. ఉద్యమం రోజులు గడిచి తెలంగాణ వచ్చింది. తర్వాత వయసు సడలించారు కూడా... కానీ అప్పటికి కంపెనీలో డబుల్ డ్యూటీలు చేస్తున్న మామ మళ్ళీ పుస్తకం పట్టలేదు. మా ఇంట్లో మాత్రం ఆ నౌకరీతోనే పొయ్యి వెలిగింది, నా చదువు సాగింది.

ఇప్పుడు పొద్దున లేస్తే చాలు, ఫోన్ నిండా కరెంట్ అఫైర్సే. ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి చదువు వాళ్ళది. మనతో పోటీ పడేది ఎవరో కూడా తెలియదు... ఇక వదులుకోవడం ఎవరి కోసం?

మొన్న మా పాప గ్రహాల పేర్లు వల్లిస్తూ ఎనిమిదో పేరుతో ఆపేసింది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తమకు రావాల్సింది మీకు వదిలేసి నోరెత్తనివాళ్ళు మీ చిన్నప్పుడు ఎవరైనా ఉన్నారా... ఉంటే కింద వాళ్ళ పేరు రాయండి. వాళ్ళతో చెప్పాల్సిన మాట ఉంటే మాత్రం పొద్దున్నే చెప్పేయండి... మా అమ్మలా సాయంత్రం దాకా ఆగకండి.