మేడ ఆదాం ఇంటి చువ్వలు

ప్రత్తిపాడులో తాపీమేస్త్రీ ఆదాం ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా తల గోక్కుంటారు. అదే మేడ ఆదాం ఇల్లు అనండి, ముక్కుపచ్చలారని పిల్ల కూడా దారి చూపిస్తుంది. తీరా వెళ్ళి చూస్తే అక్కడ మేడా లేదు, గీడా లేదు. రెండు గదులు, ఓ వరండా ఉన్న స్లాబు ఇల్లు. స్లాబు మీద ఆరు పిల్లర్ల మొదళ్ళు, వాటిలోంచి నిలువెత్తున లేచిన ఇనప చువ్వలు. రేపు పైన మేడ వేసేటప్పుడు చువ్వకు చువ్వ కలుపుకోవాలి గదా అని స్లాబు పోసిన రోజున వదిలేశాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

ఇందులో ఆయనొక్కణ్ణే అనడానికి లేదు లెండి. మన వైపు ఇల్లు కట్టినవాడు ఎవడు చువ్వలు కోయించాడు గనక. ఏ ఊళ్ళోనైనా ఓ డాబా ఎక్కి చుట్టూ చూడండి, చువ్వలు లేని కప్పు కనబడదు. అవి కోయించడమంటే ఇక నా వల్ల కాదని ఊరందరికీ చాటుకోవడమే. పైగా ఆదాం మేస్త్రీ. ఊళ్ళో సగం మేడలు ఆయన చేతి మీదుగా లేచినవే. అలాంటివాడు తన ఇంటి చువ్వలు తను కోసుకుంటాడా?

ఆయన భార్య రాజ్యం మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆమెకు చువ్వలతో ఏ పేచీ ఉండేది కాదు. వాటికి తాళ్ళు కట్టి బట్టలారేసుకునేది. మేడ మాటెత్తితే అందరికంటే ముందు నవ్వేది కూడా ఆమే. పేచీ అంతా కూతురు హెలెన్ పురిటికి వస్తానన్నాక మొదలైంది.

హెలెన్ తాడేపల్లిలో నర్సు. ఈస్టరు కాగానే వచ్చేస్తానని ఫోన్ చేసింది. "రా తల్లీ, నీ ఇల్లేగా" అని రాజ్యం ఫోన్ పెట్టేసి, లోపలి గది కప్పు వంక చూసింది. వానాకాలమంతా కారి కారి తుప్పు రంగు మరకలు పడ్డాయి. ఓ మూల పెచ్చులూడాయి. ఎండలు ముదిరితే ఆ గది కాలిన పెనమే, ఫ్యాను వేస్తే వడగాలి కొడుతుంది. పచ్చి బాలింతను, పసిగుడ్డును దీంట్లో పడుకోబెట్టాలా అనుకుంది.

ఆ మర్నాటి నుంచి రాజ్యం తొడిమలు తీస్తూనే ఇల్లు బాగుచేయడం మొదలుపెట్టింది, మనసులోనే అనుకోండి. ముందు కారడం ఆపాలి. తరవాత స్లాబు మీద ఎండ పీల్చుకోని తెల్లరంగు వేయించాలి. ఆపైన సోలార్ పలకలు. అవి ఉంటే కరెంటు బిల్లుకు జడవకుండా కూలర్ వేసుకోవచ్చు, పలకల నీడకు గదీ చల్లబడుతుంది. కారడం ఆపకుండా పలకలు బిగిస్తే రేపు మళ్ళీ పీక్కోవాలి కాబట్టి ఏది ముందో ఏది వెనకో కూడా తేల్చేసుకుంది. పక్కన కూర్చున్న మదార్‌బీ "ఏందమ్మా, నీలో నువ్వే మాట్లాడుకుంటన్నావు" అని నవ్వినా ఆమె ఆలోచన తెగలేదు.

రాజ్యం కబురు చేస్తే, సోలార్ కంపెనీ తరఫున చైతన్యకృష్ణ అనే ఆయన గుంటూరు నుంచి వచ్చాడు. స్లాబంతా కలియతిరిగి, ఓ పిల్లరు మొదలు దగ్గర కూర్చుని గోటితో గీకాడు. ఎర్రటి పొడి రాలింది.

"మేస్త్రీ గారూ, పలకలు పెట్టొచ్చండి. కానీ ఈ చువ్వల నీడ వాటి మీద పడిద్ది. అదలా ఉంచండి, మీ గదిలో కారేది కూడా వీటి వల్లే. చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, చుట్టూ సిమెంటు చీలింది. వాన పడితే నీళ్ళు చువ్వ వెంటే లోపలికి దిగుతన్నాయి. ముందు వీటిని కోయించి, మొదళ్ళు మూయించండి."

ఆదాం ముఖం కందగడ్డయింది. "నేను పోసిన స్లాబుకు వంకలు పెడతన్నావా? కింద పూత పలచబడి కారతంది గానీ, చువ్వలేం చేశాయయ్యా?"

"మీ ఇష్టమండి" అని ఆయన దిగి వెళ్ళిపోయాడు.

"ఆయనన్నదాంట్లో తప్పేముంది?" అంది రాజ్యం.

"కోస్తే ఊళ్ళో ఏమంటారో తెలుసా? మేడ ఆదాం చేతులెత్తేశాడంటారు."

"ఇప్పుడేమన్నా తక్కువంటన్నారా?"

ఆదాం సిమెంటు కలుపుకోవడానికి వెళ్ళాడు. గది కప్పుకు కిందనుంచి నున్నగా పూత వేసి, తెల్లరంగు కొట్టాడు. ఏటా చేసే పనే అది. కారేది పైనుంచి, ఈయన మందు రాసేది కిందనుంచి. అయినా పనిమంతుడి చెయ్యి కదా, కప్పు కొత్తదానిలా తళతళలాడింది.

ఆ కప్పు నడుమ ఉయ్యాల కొక్కెం ఒకటుంది. హెలెన్ కడుపులో ఉన్నప్పుడు స్లాబు పోశారు. ఆదాం తన చేత్తోనే చువ్వ వంచి కొక్కెం చేసి స్లాబు ఇనుముకు కట్టాడు. హెలెన్ ఊగింది దానికే. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన పాత ఉయ్యాల దులిపి దానికి తగిలించాడు. రాజ్యాన్ని కేకేసి పిలిచి, బలం చూపిద్దామని ఉయ్యాలలో బియ్యం బస్తా పెట్టి ఊపాడు.

"చూడవే. ఏనుగుని పడుకోబెట్టినా చెక్కు చెదరదు."

పైన ఏదో చిటపటమంది. ఆదాం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కొక్కెం, దాని వెంట కొత్త పూత, పూత వెనక స్లాబు పెళ్ళలు, ఉయ్యాల, బస్తా, అన్నీ కలిసి నేల మీద పడ్డాయి. గది నిండా బియ్యం. బియ్యం నిండా తుప్పు. పైన చూస్తే చిటికెనవేలంత ఉండాల్సిన చువ్వ పొరలు పొరలుగా రేగి పుల్లలా మిగిలింది.

రాజ్యం గుమ్మంలోనే కూలబడింది. తిట్టబోయి, "బియ్యం గనక సరిపోయింది" అంది.

ఆదాం ఒంగి ఓ పెళ్ళ తీసి చేత్తో నలిపాడు. తరవాత, "ఊడే పెచ్చులన్నీ కొట్టేసి, తుప్పు గీకి మళ్ళీ పూస్తా. ఉయ్యాలకు స్టాండు కొందాం" అని, అన్నమైనా తినకుండా వెల్డింగ్ ఎలీషా దగ్గరికి వెళ్ళి ఇనుము కోసే మిషను తెచ్చాడు.

స్లాబు మీంచి వచ్చే మిషను చప్పుడుకు వీధిలో పోయే చెంచురామయ్య ఆగాడు. "ఏరా మేడ ఆదాం, మొత్తానికి మేడ మొదలెట్టావా?"

"లేదురా. కోసేస్తన్నా."

చెంచురామయ్య ఓసారి పైకి చూసి ముందుకు నడిచాడు.

పక్క దొడ్లో శివపార్వతి మిరపకాయలు ఆరబోసుకుంది. తెగిన చువ్వ వాటి మీద పడకుండా రాజ్యం పట్టుకుంటోంది, ఆదాం కోస్తున్నాడు. ఒక్కో పిల్లరూ బోడిదవుతుంటే తాళ్ళూ, తాళ్ళ మీది బట్టలూ ఒకదాని వెంట ఒకటి కిందికి దిగాయి. చివరికి తూర్పు మూల పిల్లరు మిగిలింది. ఆదాం మిషను ఆనించబోతే రాజ్యం చువ్వను రెండు చేతులా పట్టుకుని అడ్డం నిలబడింది.

"ఈ మూలదొక్కటీ ఉంచయ్యా."

"ఏం?"

"నా వంటిల్లు ఇక్కడే." ఆమె గడ్డం ఎత్తి తూర్పుకు చూపించింది. "ఈ పక్కన కిటికీ. పొయ్యి కాడ నిలబడితే పత్తి చేల మీంచి గాలొస్తది."

మేడ అని ఊరు నవ్వినా ఓర్చుకున్నాడు గానీ, భార్య కూడా నవ్వుతుందని ఆదాంకు లోలోపల ఇన్నేళ్ళూ కష్టంగానే ఉండేది. ఆమె నవ్వుతూనే తన మేడలో వంటిల్లు కట్టుకుందని, దానికి కిటికీ కూడా పెట్టుకుందని ఆయనకిప్పుడే తెలిసింది. మిషను కింద పెట్టి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఉంచితే ఇక్కణ్ణించే దిగిద్ది నీళ్ళు" అన్నాడు. "దీని కింద ఏ గదో నీకు తెలుసుగా."

రాజ్యానికి తెలుసు. పొద్దున ఆ గదిలోనే గుమ్మానికి అడ్డంగా కూలబడింది. చువ్వను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది, ఈసారి అవతలి మిరపకాయల మీద పడకుండా.

"కొయ్యి" అంది.